మిగిలినవన్నీ పూర్తి చేయాలా?

ఆ ఉదయం డ్రాఫ్ట్స్‌మన్ పెట్టుకున్న పని ఒక్కటే. బ్రౌజరు మార్చాలి. భార్య ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళిపోయింది. కిటికీలోంచి పడిన ఎండ బల్ల మీద సగం దాకా వచ్చి, ఎందుకొచ్చిందో మర్చిపోయినట్టు అక్కడే ఆగింది. నీటి సరఫరా కార్యాలయంలో భూమి కింది గొట్టాల పటాలు గీయడం అతని ఉద్యోగం. వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే గీస్తాడు. ఎప్పుడూ కంటికి కనిపించని వాటితోనే గడపడం వల్లనో ఏమో, కనిపించే వాటి విషయంలో అతనికి తొందర ఉండదు.

అతని పాత బ్రౌజరుకు అంతకన్నా తొందర లేదు. ఏ పేజీ అడిగినా ముందు తెల్లగా తెరుచుకునేది. మధ్యలో చిన్న చక్రం తిరుగుతూ ఉండేది. అది ఆగేలోపు అతను ఎక్కడెక్కడికో వెళ్ళివచ్చేవాడు. తప్పంతా దానిదే అనడానికి లేదు. అతను తెరిచిన పేజీని మూసే మనిషి కాడు. మూయడమంటే ఇక ఆ పని ఎన్నటికీ చేయనని ఒప్పుకోవడమే కదా. అందుకే సముద్రం ఒడ్డున గది, పెద్దల ఈత తరగతి, ఇంకా ఏవేవో సగం నింపిన ఫారాలుగా ఏళ్ళ తరబడి తెరిచే ఉన్నాయి. తెర పైభాగాన ట్యాబులు ఇరుకై ఇరుకై దువ్వెన పళ్ళలా మిగిలాయి. ఆ ఒక్కో పేజీ వెనకా తనలాంటివాడే ఒకడు, ఈదడం వచ్చినవాడు, సముద్రం చూసినవాడు, కూర్చుని తన కోసం ఎదురుచూస్తున్నట్టు అతనికి అనిపించేది.

కానీ నిన్న సాయంత్రం అది రోజంతా గీసిన పటాన్ని మింగేసి, ‘అయ్యో, ఏదో జరిగింది’ అని మాత్రం అంది. కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే బావమరిదికి అతను ఫోన్ చేశాడు.

"ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నావా బావా?"

"అలవాటైపోయిందిరా."

"పంటి నొప్పి కూడా అలవాటవుతుంది. ముందు నీకేం కావాలో చెప్పు. వేగమా, గుట్టా, అన్నీ గుర్తుపెట్టుకోవడమా?"

నీకేం కావాలని ఇంత సూటిగా అతన్ని ఎవరూ అడగలేదు. చాలాసేపు ఆలోచించాడు. "వేగంగా ఉండాలి. నన్ను మాత్రం తొందరపెట్టకూడదు."

"అలాంటిది పెళ్ళి సంబంధాల్లో కూడా దొరకదు బావా. మూడు పంపిస్తున్నా. వాడి చూసి ఒకటి ఉంచుకో."

మొదటిది గుట్టుగా ఉండేది. మూసి తెరిచిన ప్రతిసారీ అంతా మర్చిపోయి, ‘మీరెవరు?’ అని అడిగింది. ఉదయం పూట ఆ ప్రశ్న భరించలేక దాన్ని తీసేశాడు. రెండోది మహా చురుకు. ఏ పేజీ కావాలో అతను తేల్చుకునేలోపే తెరిచి పెట్టేది. వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేసి తోస్తున్నట్టుంటే దాన్నీ తీసేశాడు. మూడోది మెత్తనిది. లేత నీలం రంగులో, నర్సులా వంగి, ‘మీ పాత బ్రౌజరులోవన్నీ తెచ్చుకోనా?’ అంది. తెచ్చుకుంది. ఒక్క ట్యాబు కూడా పోలేదు. తర్వాత ఒక చిన్న పెట్టె కనిపించింది: ‘మిగిలినవన్నీ పూర్తి చేయాలా? మీ తరఫున నేను చేస్తాను.’

‘తర్వాత’ అనే బటను కూడా పక్కనే ఉంది. అతను జీవితమంతా నొక్కింది దాన్నే. కానీ ఎండ వెచ్చగా ఉంది, ఇంకేదో అమర్చడం మిగిలిందేమోననుకున్నాడు. మంచినీళ్ళు కావాలా అంటే తలూపినట్టుగా ‘చేయి’ నొక్కాడు.

ట్యాబులు ఒక్కొక్కటిగా పచ్చబడి మూసుకుపోసాగాయి. తెల్లవారుజామున ఎదుటి మేడలో దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నట్టుంది. ఎంత బాగుందో అనుకుంటూ చూస్తున్నాడు. చివరి ట్యాబు మీది అక్షరాలు చదివాక అతనికి పూర్తిగా మెలకువ వచ్చింది: ‘గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి’. అదీ పచ్చబడింది.

అది అతని రాజీనామా. సూపరింటెండెంటు అతని పటాన్ని ఇంకొకరిదిగా మెచ్చుకున్న రోజున కోపంతో రాసుకున్నాడు, పంపలేదు. ఆ తర్వాత తోచని మధ్యాహ్నాల్లో దాన్ని దిద్దుతూ వచ్చాడు. కొన్నేళ్ళకు అందులో కోపమంతా పోయి భాష మిగిలింది. అతనికి ఉద్యోగం మానాలని ఏనాడూ లేదు. ఎప్పుడైనా మానగలననే ఊహ ఒకటి దగ్గరుంటే హాయిగా పనిచేసుకోగలడు, అంతే. ఇప్పుడు ఊహ పోయింది, దాంతోపాటు ఉద్యోగం కూడా పోయేట్టుంది.

"పంపినదాన్ని వెనక్కి తీసుకోలేం బావా," అన్నాడు ఫోన్లో బావమరిది. "ఆయన చదవకముందే వెళ్ళి ఏదో ఒకటి చెయ్యి."

అతను చొక్కా తొడుక్కుంటుండగా భార్య ఫోన్.

"ఏమండీ, సముద్రం ఒడ్డున నెల రోజులకు గది తీసుకున్నారట. అత్యవసరమైతే నాకు చెప్పాలని రాశారట. నా ఫోనుకు వచ్చింది."

"అది నేను కాదు, బ్రౌజరు..."

"ఒక్కరికే గది."

"అవుననుకో..."

"ఇంకెవరితోనైనా వెళ్తున్నారంటే కనీసం కోపం తెచ్చుకునేదాన్ని. ఒంటరిగా వెళ్తానంటే ఏం తెచ్చుకోవాలి?"

ప్రశ్న లోతుగా ఉందనిపించి అతను ఆలోచనలో పడ్డాడు. ఆ మౌనమే జవాబనుకుని ఆమె ఫోన్ పెట్టేసింది. మరుక్షణం బావమరిది.

"బావా, కొంప మునిగింది. అక్కకి ధైర్యం చెబుదామని నీ రాజీనామా సంగతి చెప్పేశాను. ఇప్పుడు ఆ రెండూ కలుపుకుని ఏడుస్తోంది."

తలుపు తీస్తే మేడమీది వాటాలో ఉండే ఆయన, చేతిలో ఒక కుర్చీతో నిలబడి ఉన్నాడు. కుర్చీ నాలుగు కాళ్ళకూ ఉన్ని సాక్సులు తొడిగి ఉన్నాయి.

"మన ఇళ్ళ సంఘానికి నా కుర్చీ మీద మీరు రాసిన ఫిర్యాదు ఇప్పుడే నాకు చూపించారు. 'రాత్రిళ్ళు ఇనుప ఏనుగును ఈడ్చుకెళ్తున్న చప్పుడు' అన్నారు. బాగా రాశారండీ. కానీ మెట్లెక్కి వచ్చి నాతో ఒక్క మాట అనుంటే పోయేదిగా?"

"ఎప్పుడో రాసుకున్నదండీ అది. ఇప్పుడు ఆ చప్పుడు వినకపోతే నాకసలు నిద్రే పట్టదు."

"నన్ను బుజ్జగించక్కర్లేదు. ఎక్కడికా పరుగు?"

"ఆఫీసుకండీ. ఉద్యోగం పోతోంది."

"ముందే చెప్పరేం? ఎక్కండి బండి!"

ఆ తొందరలో కుర్చీని ఎక్కడైనా దించాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. స్కూటరు వెనక కూర్చుని అతను దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. రోడ్డు మీద వాళ్ళ నీడ, నాలుగు కాళ్ళు ఆకాశానికెత్తి, పక్కనే పరుగెత్తింది. అడుగున తను గీసిన గొట్టాలున్నాయి. వాటిలో నీళ్ళు తమతోపాటే చీకట్లో వస్తున్నాయనుకుంటే, అంత భయంలోనూ అతనికి కొంచెం నిద్ర వచ్చింది.

సూపరింటెండెంటు తన గదిలో తెర ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. తెర మీద అదే పాత బ్రౌజరు, అదే చక్రం.

"రావయ్యా. కుర్చీ తెచ్చుకున్నావేం? ఇక్కడ లేవా? ఇదిగో, నీ దగ్గర్నుంచి ఏదో వచ్చింది. పొద్దుట్నుంచీ తెరుచుకోదే! దీంతో విసిగిపోయాను. ఏది పెట్టుకోమంటావో నువ్వే చెప్పు."

"దీన్ని మించింది లేదండీ." అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "నమ్మకమైనది. మనిషిని ఆలోచించుకోనిస్తుంది. కొత్తవాటికి మర్యాద తెలియదండీ."

"మొన్న నువ్వే దాన్ని తిట్టిపోశావు కదయ్యా?"

"తెలియక తిట్టానండీ."

అంత పొగడ్త విన్నందుకేమో, చక్రం ఆగింది. ఉత్తరం తెరుచుకుంది.

సూపరింటెండెంటు చదవడం మొదలుపెట్టారు. ఒకచోట ఆగి పైకి చదివారు: "'మనిషి ఉద్యోగంలోంచి వెళ్ళడం గొట్టంలోంచి నీళ్ళు వెళ్ళినట్టుండాలి. వెళ్ళాయని గొట్టానికి తెలియకూడదు.'" కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బయట ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది.

"సార్, అది పొరపాటున..."

"పొరపాటున ఇలా రాయలేరయ్యా. ఎన్నేళ్ళుగానో నేనూ రాద్దామని కూర్చుంటున్నాను. మొదటి వాక్యం దాటితే ఒట్టు." ఆయన ఉత్తరాన్ని మళ్ళీ మొదటికి జరిపారు. "దీన్ని నేను వాడుకోవచ్చా?"

"దేనికండీ?"

ఆయన అప్పటికే పేర్లు మారుస్తున్నారు. పైన తన పై అధికారి పేరు, కింద తన పేరు. పంపమని నొక్కారు. ఏనాడూ ఒక్క విడతలో ఏదీ పంపని ఆ బ్రౌజరు, చక్రం ఒక్క చుట్టు కూడా తిరక్కుండా పంపేసింది. ఆయన లేచి, నీళ్ళలోంచి బయటికొచ్చిన మనిషిలా ఒళ్ళు ఒకసారి విదిల్చుకుని, గొడుగు తీసుకున్నారు.

"సార్, మరి నాది?"

"నీది ఆమోదించాల్సింది సూపరింటెండెంటు. ఇక్కడెవరున్నారయ్యా?" అని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం అతను ఇల్లు చేరేసరికి భార్య కంప్యూటరు ముందు ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గది ఇద్దరికి మార్చాను. మీ కొత్త బ్రౌజరులోనే. అడగ్గానే చేసింది, పాపం." ఇటు తిరగలేదు. "ఒక్కరే ఎందుకు వెళ్దామనుకున్నారు?"

అతను ఈసారి ఆలోచించలేదు. "అక్కడ కూర్చుని, నువ్వు కూడా వస్తే బాగుండేదనుకోవాలని."

ఆమె ఇటు తిరిగింది. "మిమ్మల్ని అర్థం చేసుకోవడం కన్నా వెంట రావడం తేలిక," అని నవ్వేసింది.

"చివరికి ఏది ఉంచుకున్నావు బావా?" అని సాయంత్రం బావమరిది అడిగాడు.

"రెండూ. పని చేయడానికి కొత్తది, చేయకుండా ఉండటానికి పాతది."

కొత్త సూపరింటెండెంటు ఇంకా రాలేదు. ఆమోదించేవారూ, కాదనేవారూ లేరు కనుక, తాను రాజీనామా చేసిన ఉద్యోగానికి డ్రాఫ్ట్స్‌మన్ సెలవు రోజులు పోను రోజూ వేళకు హాజరవుతున్నాడు.