నక్షత్రం సంతకం పెట్టాల్సిన సెలవు చీటీ

లోకంలో న్యాయం ఉందనీ, అది రెండు కాపీల్లో వస్తుందనీ, నక్షత్ర పరిశీలన కేంద్రంలో మినిట్స్ రాసే కొత్త పెళ్లికూతురికి పెళ్లయిన ఇరవై రెండో రోజు ఉదయం పదకొండు గంటలకు రుజువైంది. వారం సెలవు మంజూరైంది!

కళ్లద్దాల షాపులో ఉన్న భర్తకు వెంటనే ఫోన్ చేసింది.

"ఏవండీ, ఇచ్చేశారు! రేపటి బండికే!"

"పచ్చ సిరాతోనేనా సంతకం?"

"పచ్చ సిరాయే!"

"అయితే మధ్యాహ్నం వెళ్లి పెట్టె సర్దేస్తా. నీ చెప్పులు ఏ జత పెట్టను?"

"రెండూ!"

చీటీ అడుగున చీమల బారులా ఓ వాక్యం ఉంది: 'పెండింగ్ చర్చ ముగిసిన మర్నాటి నుంచి.' పెండింగ్‌లో ఉన్నది ఒక్కటే. కాంతి ఎంత దూరం నుంచి వచ్చినా దారి పొడుగునా ఒకే వేగంతో వస్తుందా, రాదా? పదిహేడేళ్ల చర్చ. ఆ రోజు మూడింటికి కమిటీ వారు 'వస్తుంది' అని రాసి ముగించబోతున్నారు.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అన్నారు అధ్యక్షులు, పెన్ను మూత తీస్తూ. (ఇది ప్రశ్న కాదు. లేచే ముందు దగ్గడం లాంటిది.)

సంతోషంలో ఉన్న మనిషికి లోకమంతా తననే పలకరిస్తున్నట్టు ఉంటుంది. ఆమె చెయ్యెత్తింది.

"మన దగ్గరికొచ్చాకే కదండీ కొలుస్తున్నాం? దారిలో ఎక్కడో ఆగి, ఆనక పరుగెత్తుకొచ్చిందేమో? నేను రోజూ ఆఫీసుకి అలాగే వస్తాను."

అధ్యక్షులు పెన్నుకు మూత మళ్లీ పెట్టేశారు.

"శభాష్ తల్లీ! ఇన్నేళ్లూ ఎక్కడున్నావమ్మా?" అన్నారు సభ్యుల్లో పెద్దాయన, కళ్లు తుడుచుకుంటూ.

ఏకగ్రీవంగా తీర్మానించారు. కాంతి బయల్దేరిన వేళ, దారిలో ఆగిన చోట్లు, ఆగితే కారణాలు ఓ ఫారంలో రాసి, నక్షత్రమే సంతకం పెట్టాలి. మనకు దగ్గరి నక్షత్రాన్ని తోసిపుచ్చారు. (దగ్గరి చుట్టాల సాక్ష్యం చెల్లదు.) ఎంచుకున్న నక్షత్రానికి ఫారం కాంతి రూపంలో పంపినా పోవడానికి నాలుగు వందల ఏళ్లు, జవాబు రావడానికి మరో నాలుగు వందలు. 'వేగం మారదనుకుంటే' అని మినిట్స్‌లో ఆమే బ్రాకెట్లో రాసింది.

"ఏవండీ, చిన్న ఆలస్యం."

"ఎవరు అడ్డుపడ్డారు?"

"మీ ఆవిడే."

"మరి పెట్టె విప్పెయ్యనా?"

"వద్దులెండి. చెప్పులు మాత్రం ఒక జత తీసెయ్యండి, రేపు ఆఫీసుకి కావాలి."

ఫారం రేపు ఉదయం పదింటికి నక్షత్రానికి బయల్దేరాలి. ముందుగా పక్క గదిలో డిస్పాచ్ గుమాస్తా ముద్ర పడాలి. ఆ పదిహేను అడుగులకు ఎన్నాళ్లు పడుతుందో చెప్పడానికి ఏ కమిటీ కూడా సాహసించలేదు.