ముక్కు చేసిన తప్పు

ఇకమీదట మనిషి ఒంట్లోకి సూది దిగబోదని ఒక మందుల కంపెనీ యజమాని నిండు సభలో ప్రకటించారు. ఇన్సులిన్‌ను ముక్కులోకి చిమ్ముకునే సీసా సిద్ధమైందనీ, అది పనిచేయడమొక్కటే మిగిలిందనీ సెలవిచ్చారు. సభ చప్పట్లు కొట్టింది.

అంతకుముందు మాత్ర చేశారు. ఇన్సులిన్ మాంసకృత్తు కనుక కడుపుకు అదీ ఒకటే, ఉడికిన గుడ్డూ ఒకటేననీ, రెండింటినీ అరిగించేస్తుందనీ కంపెనీలో ఆ మందు చేసే శాస్త్రవేత్తమ్మ మొదట్లోనే విన్నవించింది. కడుపుకు ఇంత సమదృష్టి పనికిరాదని యజమాని అభిప్రాయపడ్డారు. మాత్రకు కడుపులో కరగని తొడుగు వేశారు. అది పేగుల దాకా వెళ్ళి, అక్కడి గోడ దాటలేక, వచ్చిన పని మరిచిన చుట్టంలా బయటికి నడిచింది. ప్రయాణం సుఖంగా జరిగినట్లు నివేదికలో నమోదైంది.

ఆ తరువాత ముక్కు వంతు వచ్చింది. పరీక్షకు ఒప్పుకున్నవారిలో ఒక దర్జీ ఉన్నాడు. నలభై ఏళ్ళుగా సూదితో బతికినవాడే; ఆ సూది తన పొట్ట మీదికి వస్తుందంటే మాత్రం పైప్రాణాలు పైనే పోయేవి. ఇంజెక్షన్ తప్పదని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ ఆయన డాక్టరుండే వీధిలో నడవలేదు. భార్య చెప్పిచెప్పి నోరు నొప్పిపుట్టి ఊరుకుంది.

పది రోజులు మందు కాస్త పనిచేసింది. పదకొండో రోజు దర్జీకి జలుబు చేసింది. చిమ్మిన మందు చిమ్మినట్టే తుమ్ముతో రుమాల్లోకి చేరింది. ఆ విధంగా రుమాలుకు చక్కెర వ్యాధి నుంచి పూర్తి రక్షణ లభించింది. జలుబు తగ్గేలోగా ఒంట్లో చక్కెర పెరిగిపోయి, దర్జీ ఎవరికో భుజం కొలత తీస్తూ అక్కడే కూలబడ్డాడు.

శాస్త్రవేత్తమ్మ ఆసుపత్రికి పరుగెత్తింది. మందు సరిగా పనిచేయడం లేదనీ, ఆ సంగతి ముందే గట్టిగా చెప్పవలసిందనీ దర్జీ భార్య ముందు ఒప్పుకుంది. మూడో రోజు ఆయన తేరుకున్నాక తనే ఇన్సులిన్ పెన్ను తీసింది.

"అయిపోయిందండీ," అంది.

"ఏది?"

"సూది. గుచ్చేశాను."

దర్జీ ఆ సూది అడిగి తీసుకుని, వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఇంత సన్నదా? రెండేళ్ళు నాకిది ఎవరూ చూపించలేదేంటమ్మా?"

ఆమె తల దించుకుంది. ఆ సూదిని తప్పించడానికి ఆమె పన్నెండేళ్ళు పనిచేసింది. ఎవరికైనా చూపించాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

జలుబు చేస్తే మందు వృథా అని ఆమె నివేదిక రాసింది. మందులో లోపం లేదు, ముక్కు సహకరించలేదు అని యజమాని దిద్దారు. ఆమె సంతకం చేయలేదు. సంతకం చేయగల శాస్త్రవేత్తను వెంటనే నియమించారు.

దర్జీ ఇప్పుడు రోజూ సూది వేసుకుంటున్నాడు. దుకాణానికి వచ్చిన చక్కెర రోగులందరికీ అది చూపించి, చీమ కుట్టినంత కూడా ఉండదని చెబుతున్నాడు. వాళ్ళు ఓపిగ్గా విని, అది సరేగానీ ఆ ముక్కు మందు ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు.

వాళ్ళను చూసి నవ్వకండి. ఇంత చదివి, ఆ మందు పేరు రాయలేదేమని తమరూ మళ్ళీ పైనుంచి వెతుకుతున్నారు కదా.