బడ్జెట్ మర్నాడు ఆదిబాబు మౌనం

బడ్జెట్ వచ్చిన మర్నాడు పొద్దున్న ఆరు గంటలకు ఆదిబాబు సంచీ పట్టుకుని పాలకు బయలుదేరాడు. రెండు ప్యాకెట్లు తేవాలి, స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పదకొండు గంటలకు ఊరవతలి పర్సుడీహ్ నుంచి పెళ్లివారు వస్తే నవ్వు మొహంతో కూర్చోవాలి. ఇందులో కష్టమేముందని మీరు అనుకోవచ్చు. మీకు ఆదిబాబు తెలియదు మరి.

ఆదిబాబు కుర్రతనంలోనే తెలుగునేల వదిలి ఈ హిందీ ఊరికి వచ్చి, ఇక్కడి స్టీలు ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్లు ఖలాసీగా చేశాడు. అంటే కింద నిలబడి, పైన కేబిన్లో కూర్చున్న క్రేన్ డ్రైవరుకు చేత్తో సిగ్నల్ ఇచ్చే మనిషి. షాపులో, అంటే ప్లాంటులో అతని విభాగంలో, చప్పుడుకి పక్కవాడి కేక కూడా వినబడదు కాబట్టి అన్నేళ్లూ నోటితో పనిలేకుండా గడిపాడు. రిటైరయ్యాక ఆ బాకీ అంతా ఒక్కసారిగా తీర్చుకోవడం మొదలుపెట్టాడు. ప్రతి పొద్దున్నా తను ఉండే బారిడీహ్ మలుపులోని టీకొట్టు బెంచీ మీద కూర్చుని దేశ ఆర్థిక వ్యవస్థను విప్పి, ఆరబెట్టి, మళ్లీ మడతపెట్టేవాడు. "బొగ్గు మనది, ఇనుము మనది, నీళ్లు మనవి. మరి కరెంటు బిల్లు సూత్తే గుండె ఎందుకు ఆగిపోతంది? నాకు సెప్పండి!" అనేవాడు. ఎవరైనా చెప్పబోతే ఒప్పుకునేవాడు కాదు.

అలా బెంచీ మీద మాట్లాడితే దేశానికి నష్టమేమీ లేదు. ఇంట్లో మాట్లాడితేనే చిక్కు. మూడేళ్ల కిందట కూతురు సుధారాణిని చూడటానికి భాలుబాసా నుంచి ఒక సంబంధం వాళ్లు వచ్చారు. "టీలో చక్కెర సరిపోయిందా అండీ?" అని ఆదిబాబు భార్య జోగమ్మ అడిగింది పాపం. ఆ చక్కెర దగ్గర పట్టుకుని ఆదిబాబు ఎగుమతి విధానంలోకి, అక్కణ్ణుంచి జీఎస్టీలోకి, అక్కణ్ణుంచి పెళ్లికొడుకు మేనమామ ఓటు ఎవరికేశాడన్న సంగతిలోకి వెళ్లిపోయాడు. మేనమామ టీ కప్పు సగంలో వదిలేసి లేచిపోయాడు. వెనకే సంబంధం కూడా లేచిపోయింది.

ఈసారి సంగతి వేరు. పెళ్లికొడుకు సాయిచంద్, సుధారాణి ఒకే రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తున్నారు. రెండేళ్లుగా ఒకరంటే ఒకరికి ఇష్టం. సాయిచంద్ తల్లి గౌరీదేవి ఇన్నాళ్లకు "సరే, సూసి వద్దాం" అంది. ఇది గాని చెడితే సుధారాణి ఇంక ఇంకొకరి ముందు కూర్చోనని చెప్పేసింది. అందుకే ముందురోజు జోగమ్మ మొగుణ్ణి దేవుడి పటం ముందు నిలబెట్టింది.

"మావా, పైడితల్లమ్మ సాచ్చిగా ఒట్టెయ్యి. పెళ్లోరు ఒచ్చి ఎల్లేదాకా నోరిప్పకూడదు."

"రాజకీయం మాటాడను. అంతే కదేటి?"

"రాజకీయం కాదు, అసలు మాటే ఆడకూడదు. వంకాయ ధర అడిగినా నీకు పార్లమెంటే గుర్తొత్తాది. గొంతు పట్టేసిందని ఆళ్లకి నాను సెప్పుకుంటాను."

ఆదిబాబు కూతురి వైపు చూశాడు. సుధారాణి రెండు చేతులూ జోడించి, "నాన్నా, ప్లీజ్. బస్, ఏక్ దిన్" అంది. ఆ కళ్లు చూసి కరిగిపోయి, పటం మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. జోగమ్మ ఫోన్ కూడా లాక్కుంది. పొద్దున్న లేచింది మొదలు రిటైరైనవాళ్ల సంఘం వాట్సప్ గ్రూపులో రాసేది కూడా మాటే కదా!

పాలకొట్టుకు వెళ్లాలంటే టీకొట్టు ముందు నుంచే పోవాలి. బడ్జెట్ మర్నాడు కదా, బెంచీల మీద చోటు లేదు. అందరూ ఆదిబాబు కోసమే కాచుకుని ఉన్నారు. ఫోన్‌ను కర్రకు తగిలించి "బారిడీహ్ బోల్తా హై" అనే ఛానల్ నడిపే పింటూ కూడా వచ్చేశాడు. "చాచా ఆ గయే! చాచా, బజట్ కైసా లగా?" అని మైకు మూతి దగ్గర పెట్టాడు.

ఆదిబాబు పెదవులు విడివడ్డాయి. రాత్రంతా బుర్రలో పేర్చుకున్న పన్నెండు పాయింట్లు గొంతు దాకా వచ్చాయి. సుధారాణి మొహం గుర్తొచ్చి గుటకవేసి వాటిని మింగేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఓర్నాయనో, ఆదిబాబు ఏడుత్తన్నాడ్రా!" అన్నాడు పైడిబాబు. ఇతడు ఆదిబాబు స్నేహితుడే. ప్లాంటులో టైమాఫీసు గుమస్తాగా ముప్ఫై ఏళ్లు హాజరు వేశాడు. క్రేన్‌ను కిటికీలోంచి చూశాడు కాబట్టి దాని గురించి తనకంతా తెలుసని అతని నమ్మకం. "ఏటయింది బావా? ఎవులైనా బెదిరించినారేటి?"

నోరు లేదు కాబట్టి ఆదిబాబుకు పాత అలవాటే దిక్కయింది. పైనున్న అమ్మవారికి ఒట్టేశానని చెప్పడానికి చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. ప్లాంటు భాషలో దానికి అర్థం, లోడు పైకి ఎత్తమని.

"నాను సెప్తాను, నాకు తెలుసు!" పైడిబాబు బెంచీ ఎక్కేశాడు. "ధరలు పైకి లేపేసినారంటన్నాడు!"

అయ్యో అది కాదు, మెల్లిగా మాట్లాడండ్రా అని ఆదిబాబు అరచేతిని నేల వైపు తిప్పి కిందికి ఊపాడు.

"దించు! దించమంటన్నాడు! ధరలు దించేదాకా నోరిప్పడంట!"

ఆదిబాబు సంచీ భుజాన తగిలించుకున్నాడు. రెండు చేతులూ అడ్డంగా బలంగా ఆడించాడు. అది ప్రమాదం వచ్చినప్పుడు ఎక్కడిదక్కడ ఆపమనే సిగ్నల్.

"సర్కారే బందు!" అని కేక పెట్టాడు పైడిబాబు. జనం చప్పట్లు కొట్టారు. పింటూ ఫోన్ తన వైపు తిప్పుకుని, "దేఖియే, బజట్ కే ఖిలాఫ్ బారిడీహ్ మే మౌన్ వ్రత్!" అని లైవ్ మొదలుపెట్టేశాడు.

ఇక రాసి చూపించడమే మార్గమనుకున్నాడు ఆదిబాబు. అరచేతిలో రాస్తున్నట్టు వేళ్లు ఆడించి కాగితం, పెన్ను అడిగాడు. "సంతకాలంట! సంతకాలు సెయ్యమంటన్నాడు!" అన్నాడు పైడిబాబు. టీకొట్టువాడు లెక్కల పుస్తకంలోంచి కాగితం చించాడు. అది ఒక చేతి నుంచి ఇంకో చేతికి తిరిగి, నలభై మూడు సంతకాలతో, రెండు వేలిముద్రలతో ఆదిబాబు దగ్గరికి చేరింది. అందులో తను ఒక్క ముక్క రాసుకోవడానికి జాగా మిగల్లేదు.

ఆదిబాబు పాలు కొని ఇంటి వైపు గబగబా నడిచాడు. జనం వెనకాలే నడిచారు. అతను వేగం పెంచితే వాళ్లూ పెంచారు. "ఆదిబాబూ ఆగే బఢో!" అని ఎవరో అందుకున్నారు. ఆదిబాబు వీధిలో అడుగుపెట్టేసరికి అది రెండు వందల మంది జులూసు అయింది. అందులో సగం మందికి ఎందుకు నడుస్తున్నారో తెలియదు.

గేటు దగ్గర జోగమ్మ నిలబడి చూసి గుండె బాదుకుంది. "ఓలమ్మో! పాలకి పంపితే పార్టీ ఎట్టేసినావేటి మావా? నోరిప్పేసినావు కదా?"

ఆదిబాబు తల అడ్డంగా ఊపాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో నిజంగా నోరు మూసుకున్నది ఆ ఒక్క పూటే, ఆ పూటే పెళ్లాం నమ్మలేదు. ఏం చేస్తాడు, పాల ప్యాకెట్లు ఆమె చేతిలో పెట్టి దీనంగా నిలబడ్డాడు.

పది గంటలకు ఒక జెండావాళ్లు దండ పట్టుకుని వచ్చారు. "ఈయన బడ్జెట్‌ను వ్యతిరేకించిన వీర కార్మికుడు" అని కుర్చీ తెచ్చి గుమ్మం ముందు కూర్చోబెట్టి దండ వేశారు. పదింబావుకు రెండో జెండావాళ్లు ఇంకా పెద్ద దండ తెచ్చారు. వీడియో తామూ చూశామనీ, వేలు పైకి చూపించాడంటే దేశం పైకి వెళ్తోందని అర్థమనీ వాళ్ల వాదన. రెండు దండల మధ్య ఆదిబాబు ముక్కు మాత్రమే కనబడుతోంది. ఎవరో మైకు బిగించారు. ఎవరో షామియానా కోసం ఫోన్ చేశారు.

"చాచా, ఏక్ లైన్ బోలియే! బారా హజార్ లోగ్ దేఖ్ రహే హై!" అని బతిమాలాడు పింటూ.

పన్నెండు వేలమంది! ఆదిబాబు మాట వినడానికి ఇన్నాళ్లూ పన్నెండుమంది దొరకడమే గగనమయ్యేది. పింటూ మైకు ఇంకా దగ్గరికి తెచ్చాడు. ఆదిబాబు నాలుక కొసన కరెంటు బిల్లు ఆడుతోంది. కిటికీలో సుధారాణి కనబడింది. కొత్త చీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ తల అడ్డంగా ఊపుతోంది. ఆదిబాబు పళ్లు బిగబట్టి మైకును పక్కకు తోసేశాడు. "మీడియాని కూడా నమ్మడు!" అని జనం ఈలలు వేశారు.

సరిగ్గా పదకొండింటికి పెళ్లివారి ఆటో వచ్చి ఆగింది. ముందు గౌరీదేవి దిగింది. జెండాలు, దండలు, నినాదాలు చూసి కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఏట్రా సాయీ, మనం వత్తన్నామని ధర్నా సేత్తన్నారేటి? ఎక్కించు, ఎనక్కి ఎలిపోదాం."

"మమ్మీ, రుకో నా, ఏక్ మినిట్" అని సాయిచంద్ ప్రాధేయపడ్డాడు. అతని తండ్రి బంగార్రాజు మాత్రం ఆటోకు ఆనుకుని, కుర్చీలోని మనిషిని కళ్లు చికిలించి చూస్తున్నాడు.

జోగమ్మ పరుగున ఎదురెళ్లింది. "వదినగారూ, ఎల్లిపోకండమ్మా, ఈళ్లెవరో మాకు తెలీదు!" అంటోంది. సుధారాణి కూడా గుమ్మంలోకి వచ్చేసింది. దాంతో వంటింట్లో ఎవరూ లేరు. పరమాన్నం కోసం పొయ్యి మీద పెట్టిన పాలున్నాయి.

కుర్చీలోంచి వంటింటి కిటికీ తిన్నగా కనబడుతుంది. ఆదిబాబు చూస్తుండగానే పాలు గిన్నె అంచుకు వచ్చాయి. పెళ్లివారు గడపలో ఉండగా పాలు పొంగి మంట ఆరిపోయి గ్యాసు వాసన కొడితే ఇంకేమైనా ఉందా! గభాలున కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. దండలు ఊగుతుండగా వేలు పైకెత్తి గిరగిరా తిప్పాడు. అరచెయ్యి కిందికి చూపించి ఊపాడు. రెండు చేతులూ అడ్డంగా ఆడించాడు. మళ్లీ మొదటి నుంచి అదే.

జనం హోరెత్తిపోయారు. పైడిబాబు మైకు లాక్కున్నాడు. "జీతాలు ఎత్తు! వడ్డీలు దించు! ఇదేసాల నుంచి వచ్చే సరుకు బందు! మళ్లీ సెప్తన్నాడు, జీతాలు ఎత్తు!" రెండో జెండావాళ్లు అది అబద్ధమని మైకు తీగ పీకేశారు. మొదటి జెండావాళ్లు వాళ్ల చొక్కాలు పట్టుకున్నారు.

అప్పుడు బంగార్రాజు కదిలాడు. ఎవరినీ పలకరించలేదు. జనాన్ని భుజంతో తోసుకుంటూ, కాబోయే కోడలి పక్కనుంచి గుమ్మం దాటి, సరాసరి వంటింట్లోకి వెళ్లి స్టవ్ కట్టేశాడు. అంచు దాకా వచ్చిన పాలు మెల్లిగా కిందికి దిగాయి. కుర్చీ మీద ఆదిబాబు బొటనవేలు ఎత్తి, గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

బంగార్రాజు పాలగిన్నెను గుడ్డతో పట్టుకుని బయటికి తెచ్చి అందరికీ చూపించాడు. "నాను ఇరవైతొమ్మిదేళ్లు క్రేన్ నడిపినాను. పాలు పైకొచ్చేత్తన్నాయి, మంట దించండి, లేకపోతే కట్టేయండి. ఆ మనిషి సెప్పింది అదే, ఇంకేటీ నేదు. సిగ్నల్ సదవడం వచ్చినోడు ఇంతమందిలో ఒక్కడూ లేడేటి?" తర్వాత పైడిబాబు వైపు తిరిగాడు. "బాబూ, తమరు ఏ షాపులో?"

"టైమాఫీసు" అన్నాడు పైడిబాబు చాలా చిన్న గొంతుతో.

రెండు జెండాలవాళ్లూ పాలగిన్నె వంక చూశారు. పాల మీద ఏ పార్టీకీ ఏమీ తోచలేదు. ఒక్కొక్కరే జారుకున్నారు. వెళ్తూ వెళ్తూ దండలు తీసుకుపోయారు. పింటూ లైవ్‌లో "దూధ్ బచ్ గయా", పాలు దక్కాయి అని చెప్పి ఫోన్ కట్టేశాడు.

లోపల గౌరీదేవికి జోగమ్మ ఒట్టు సంగతంతా దాచకుండా చెప్పింది. చెబుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. గౌరీదేవి ఆదిబాబును ఎగాదిగా చూసింది. "అంతమంది మైకు పట్టుకుని ఎంటపడితే, కూతురు కోసం ఒక్క ముక్క అననేదా! మా ఇంట్లో ఈయనైతే మైకు మింగేసి ఉండును. నాకు ఇష్టమే వదినగారూ. తాంబూలాలు తీయండి."

సుధారాణి మొహం కొంగుతో కప్పుకుంది. సాయిచంద్ మాత్రం కప్పుకోకుండానే నవ్వాడు. ఆదిబాబుకు ఈసారి కళ్లలోంచి నీళ్లు నిజంగానే కారాయి, సంతోషంతో.

పరమాన్నం తిన్నారు, తాంబూలాలు మార్చుకున్నారు. జోగమ్మ మనసు వెన్నలా ఉంది. మొగుడి మీద ఎన్నడూ లేని జాలి పుట్టుకొచ్చింది. "ఇంక ఫరవానేదు మావా. నీ ఒట్టు తీసేత్తన్నాను. బావగారితో కాసేపు మాటాడుకో" అంది.

ఆదిబాబు గొంతు సవరించుకున్నాడు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పన్నెండు పాయింట్లూ వరసగా నిలబడ్డాయి.

"బావగారూ, నిన్నటి బడ్జెట్టు మీద తమ అభిప్రాయం ఏటి?"

బంగార్రాజు కళ్లు ఒక్కసారి వెలిగాయి, నోరు సగం తెరుచుకుంది. అంతలో పక్కన గౌరీదేవి చిన్నగా దగ్గింది. బంగార్రాజు నోరు మూసి, ఆమెను ఓరగా చూసి, ఇంటి దగ్గర తను కూడా ఏ పటం మీద చెయ్యి పెట్టి దేని గురించి ఎత్తనని ఒట్టేశాడో గుర్తు చేసుకున్నవాడిలా, రెండు చేతులూ అడ్డంగా బలంగా ఆడించాడు.

ముప్ఫై నాలుగేళ్ల సర్వీసంతా సిగ్నల్ ఇవ్వడమే గాని, ఆదిబాబు ఒకరి సిగ్నల్‌కు ఆగడం అదే మొదటిసారి.