చిమ్మట బయటికొచ్చే వేళ

మౌలాలిలో జీవరాజు మాస్టారు ముప్పై రెండేళ్లు బడిపిల్లలకు చిమ్మట జీవితచక్రం బోధించి రిటైరయ్యారు. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, చిమ్మట, అన్నీ గోడకు తగిలించిన చార్టు మీదే. ప్యూపాలోంచి చిమ్మట బయటికి రావడం మాత్రం ఆయన ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పనూ లేదు.

ఈ ఏడు పెరట్లో నందివర్ధనం మీద, నీలికళ్లలాంటి రెండు మచ్చలున్న పచ్చని గొంగళిపురుగు కనిపించింది. ఆకులన్నీ మేసి, గోధుమరంగుకు తిరిగి, చెట్టు దిగి ఎండుటాకుల్లో ప్యూపాగా మారింది. మాస్టారు దాన్ని బూట్ల అట్టపెట్టెలో ఉంచి పదిహేను రోజులుగా కాపలా కాస్తున్నారు. మంగళవారం పొద్దున ప్యూపా నల్లబడింది. అంటే ఇవాళే.

"బోయిన్‌పల్లిలో మా చెల్లిని చూసి, కూరగాయలు తెస్తాను. అన్నం తినడం గుర్తుంటుందా?" అంది భార్య రోసమ్మ.

"ష్! పెట్టె దగ్గర మాట్లాడకు."

రోసమ్మ ఫోన్ పడగ్గదిలోనే మరిచిపోయి వెళ్లింది. రాత్రి తిరిగే ప్రాణికి వెలుగు గిట్టదని కిటికీలు మూసి, తేమ కోసం తడిగుడ్డ పట్టుకుని, మాస్టారు మూత తీసిన పెట్టె ముందు తలవంచి కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటికి పక్కింటి ఎల్లమ్మ పెరుగు తోడు కోసం వచ్చింది.

"రోసమ్మక్క ఏది సార్? గిట్ల చీకట్ల కూసున్నరేంది?"

మాస్టారు పెదవుల మీద వేలు పెట్టుకుని, వెళ్లమని చేయి ఊపారు. ఎల్లమ్మ చూపు మూసిన పడగ్గది తలుపు మీద పడింది. అనుమానమొచ్చి రోసమ్మకు ఫోన్ చేస్తే, అది ఆ తలుపు వెనకే మోగి మోగి ఆగిపోయింది.

"అక్కకు శాన సీరియస్ ఉన్నట్టుంది. సార్ నోట్లకెల్లి మాట వస్తలేదు," అని వీధంతా చెప్పింది.

ఐదున్నరకు పాస్టర్ షాలేమ్, వెనక పదిమంది బైబిళ్లతో, వాళ్ల వెంట ఎల్లమ్మ వచ్చారు. ఆదివారం చర్చిలో చిమ్మట సంగతి మాస్టారే చెప్పి ఉన్నారు. దాన్ని చూడ్డానికి ఇంతమంది వచ్చారా అని ఆయనకు కళ్లు చెమర్చాయి. చాప పరిచి, చప్పుడు చేయకుండా కూర్చోమని సైగ చేశారు. ఆయన కళ్లలో నీళ్లు చూశాక వచ్చినవాళ్లకు ఇంక సందేహం మిగల్లేదు.

"ప్రార్థన చేసుకుందామా మాస్టారూ?" అన్నాడు షాలేమ్ మెల్లగా.

పురుగుకు ప్రార్థన కాస్త ఎక్కువే అనిపించింది. కానీ సంఘపెద్ద అయ్యుండి కాదనడం ఎలా? తలూపారు. సంఘం వాళ్లతో పాటు మాస్టారూ కళ్లు మూసుకున్నారు. సరిగ్గా అప్పుడే పెట్టెలో చిటుక్కుమంది.

మాస్టారికి అది వినిపించింది. కళ్లు తెరుద్దామా? ప్రార్థనలో కళ్లు తెరిచిన సండేస్కూలు పిల్లల చెవులు ఇరవై ఏళ్లుగా మెలిపెట్టిన చెయ్యి ఆయనది. తెరవలేదు. షాలేమ్ పడగ్గది తలుపు వైపు తిరిగి, "మా సహోదరిని లేవనెత్తు ప్రభువా" అని అరగంట వేడుకున్నాడు. అందులో ఒక్క మాటా మాస్టారి చెవికెక్కలేదు.

"ఆమేన్!" అన్నారంతా. అందరికన్నా గట్టిగా అన్నది, టమాటాల సంచితో గుమ్మంలో నిలబడ్డ రోసమ్మ.

"పాపం, ఎవరికండీ బాగాలేంది?" అని అడిగింది.

అందరూ నోళ్లు తెరిచి ఆమెను చూస్తుంటే, మాస్టారు పెట్టె చూశారు. ఖాళీ డొల్ల. పక్కనే కర్టెన్ మీద మిలిటరీ బట్టలాంటి ఆకుపచ్చ రెక్కలు, మధ్య మధ్య గులాబీ చారలతో పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి.

"ముప్పై రెండేళ్లు చార్టు చూపించే చెప్పాను. ఒక్కసారి చూద్దామనుకున్నాను," అంటూ ఆయన చతికిలబడ్డారు.

"నేను చూసిన గద సార్," అంది ఎల్లమ్మ. "నాకు కండ్లు మూసుకునుడు అలవాటు లేదు. ముందు తలకాయ ఎల్లింది, ఎనక కాళ్లు. రెక్కలు జెరంతే ఉండె, పిండిన గుడ్డ లెక్క..."

"ఆగమ్మా, రాసుకోనీ!"

మాస్టారు నోట్‌బుక్ తెచ్చుకుని ఆమె ఎదుట చాప మీద కూర్చున్నారు. మధ్యలో ఒకసారి దిక్కులు చూసినందుకు ఎల్లమ్మ చేత చీవాట్లు కూడా తిన్నారు.