గంగమ్మ రాయికి గిన్నెల సబ్బు

కిష్టసామికి తాగుడు లేదు, గుర్రప్పందేలు లేవు. ఉన్న జబ్బల్లా ఒకటే. ఇరవై ఏళ్లుగా అచ్చు యంత్రం నడుపుతున్నాడు కనుక, అచ్చు గురించి భార్య ఏం చెప్పినా తల అడ్డంగా ఊపుతాడు. రాతి మీద బొమ్మ గీసి రంగుల్లో అచ్చువేయడం మళ్లీ కళగా లేచి వచ్చిందని సావీ అంటే, మళ్లీ ఎడ్లబండి ఎక్కుతావా అని అడిగాడు.

తెల్లవాళ్లతో పాటు అందరూ ఓటేసిన తొలి ఎన్నికలైన మరుసటి ఏడు, ఊళ్లోని చిత్రశాల తొలిసారి మనవాళ్లుండే నార్త్‌డేల్ పేట బొమ్మలను కూడా అడిగింది. సావీ గంగమ్మ జాతర గీసింది. రంగుకొక రాయి; పసుపు, నీలం అచ్చయిపోయాయి. ఎరుపు రాయి ఒక్కటే గ్యారేజీలో మిగిలింది. శుక్రవారం సాయంత్రానికి బొమ్మ చేరాలి. రాతికి జిడ్డు తగిలిన చోటల్లా రంగు అంటుకుంటుందనీ, ఎవరూ ముట్టుకోవద్దనీ చెప్పి, ఆ శుక్రవారం ఉదయం ఆమె అచ్చుశాల క్లైవ్‌ను, అతని బండిని తీసుకురావడానికి వెళ్లింది.

అంతలో అత్తగారు రమణమ్మ ఊరగాయ జాడీ దించుకోవడానికి ఆ రాయే చూసుకుంది. కిష్టసామి తెలివిగా అడ్డుపడ్డాడు.

"దాని మీద పెట్టకమ్మా. గంగమ్మ ఉంది దాంట్లో."

రమణమ్మ జాడీ పక్కన పెట్టి, కాళ్లూ చేతులూ కడుక్కుని, నువ్వుల నూనె, పసుపు తెచ్చింది. శుక్రవారం పూట అమ్మవారు గ్యారేజీ దాకా వస్తే ఒక్కతే మొక్కుకోవడం మర్యాద కాదని కంచె అవతలి రీటాను పిలిచింది. రీటా తన ఆడపడుచులను పిలిచింది. గంటలో పదిమంది ఆడవాళ్లు అమ్మవారి చుట్టూ నూనె వేళ్లతో బొట్లు పెట్టారు.

వాళ్లు వెళ్లగానే కిష్టసామి గిన్నెల సబ్బుతో రాతి అంచులు కడిగేశాడు.

"నూనె పడింది. క్లీన్ చేసేసిన," అన్నాడు, సావీ రాగానే.

"సబ్బు కూడా జిడ్డే, కిష్టా."

మళ్లీ గీసే వ్యవధి లేదు. క్లైవ్ నిట్టూర్చి రాయి బండెక్కించాడు. అచ్చుశాలలో కాగితం లేపి చూస్తే, అమ్మవారి చుట్టూ ఎర్రటి వేలిముద్రలు, ఒకరినొకరు తోసుకునే జనంలా. సబ్బు పారిన చోటల్లా సాంబ్రాణి పొగ. తన జాతరలో లేనిది జనమేనని సావీకి అప్పుడు తెలిసింది. బొమ్మ కింద సంతకం పెట్టింది.

చిత్రశాల వాళ్లు దాన్ని గుమ్మానికి ఎదురుగా తగిలించారు. ప్రదర్శన మొదటిరోజు పదిమంది ఆడవాళ్లూ దాని ముందు నిలబడి తమ తమ వేళ్లు వెతుక్కున్నారు. ఆ పొగ ఎలా తెప్పించారని ఒక పెద్దమనిషి అడిగితే, సావీ మొగుడి వైపు చూపించి తప్పుకుంది.

కిష్టసామి టై సర్దుకున్నాడు. చాలాసేపు సర్దుకున్నాడు. ఆ పెద్దమనిషిని వదిలి పెళ్లాం వైపు తిరిగాడు.

"రాయి సంగతి నాకు తెలీదు సావీ. నాదే తప్పు."

పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆ మాటకు అదే తొలి ప్రతి. రెండోది తీయించే యంత్రం ఏ దేశంలోనూ లేదని సావీకి తెలుసు.