స్వాగత ద్వారం ముందు డబుల్ డెక్కర్

మా ఊరికి పొద్దుటి బస్సు రద్దయిన రోజే నా భార్య నిర్మలాదేవి చనిపోయింది. ఖమ్మం పెద్ద దవాఖానాకు వెళ్దామని ఇద్దరం స్టాపులో కూర్చున్నాం. బస్సు రద్దయిందని మాకు తెలియదు. ఆమె నా భుజం మీద తల వాల్చింది, మళ్లీ ఎత్తలేదు. ఈ రెండింటికీ సంబంధం లేదని డిపో అధికారి జీపులో వచ్చి మరీ చెప్పి వెళ్లారు. ఆయన శ్రమకు కృతజ్ఞుణ్ణి.

ప్రభుత్వం మాత్రం ఊరుకోలేదు. ఆ ఏడే మంత్రిగారు ఖమ్మంలో మైకు ముందు ప్రకటించారు: "ఖానాపురం హవేలి దాటి ఉన్న శివారు ప్రజలకు ఇక హై కెపాసిటీ రవాణా! డబుల్ డెక్కర్!"

తండా నుంచి తుల్సీరాం నేను పాఠాలు చెప్పే బడికి వచ్చాడు.

"ఏంది సారూ, ఉన్న ఒక్క బస్సుకే జనం చాల్తలేరని బంద్ పెట్టిండ్రు. ఇగ మీది అంతస్తుల ఎవలు కూసుంటరు?"

"అది ప్లానింగు తుల్సీరాం. మనకు అర్థం కాదు."

"అవ్. మా బిడ్డ సోమ్లికి నెలలు నిండుతున్నయి. దవాఖానాకు పోను ఏదో ఒకటి వస్తే చాలు. గిట్ల రెండంతస్తులే కావాలని మేమన్నమా?"

ప్లానింగ్ ఆఫీసరుగారు వచ్చి ఖాళీ స్టాపును చాలాసేపు పరిశీలించారు.

"ఇక్కడెవరూ నిలబడలేదే మాస్టారూ?"

"బస్సు లేదు కదండీ."

"ముందు డిమాండ్ కనబడాలి."

ఊరంతటినీ తెచ్చి ఎండలో నిలబెట్టాను. ఆఫీసరుగారు వరసలో ముందున్న ముసలమ్మ బుల్లెమ్మను అడిగారు, "ఎక్కడికి వెళ్లాలమ్మా?"

"యాడికి లేదు బాబూ. సారు నిలబడుమన్నడు, నిలబడ్డ."

"హిడెన్ డిమాండ్!" అని ఆఫీసరుగారు పరవశించారు.

పార్టీ నాయకుడు వెంకటనారాయణ ఊరి మొదట్లో స్వాగత ద్వారం కట్టించాడు. మంత్రులకు వెదురు గుంజలతో కట్టి మర్నాడు పీకేయడం రివాజు. ఈయన అభిమానం పట్టలేక సిమెంటుతో కట్టించి, పైన చేతులు జోడించిన మంత్రిగారి బొమ్మ కూడా పెట్టించాడు.

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు డబుల్ డెక్కర్ పై అంతస్తులో ముందు సీటులో కూర్చుని, చేతులు జోడించి వచ్చారు. ద్వారం ఎత్తు చాలక బస్సు దాని ముందే ఆగిపోయింది. ఇద్దరు మంత్రులూ ఒకరికొకరు నమస్కరిస్తూ నిలిచారు.

"జర ద్వారం తల కొట్టేస్తే బస్సు దూర్తది" అన్నాడు మేస్త్రీ ముసలయ్య.

"ఎవరి తలరా?" అని వెంకటనారాయణ అతని మీదికి పోయాడు.

"పోనీ, బస్సు పై అంతస్తు తీసేస్తే?" అన్నారు ఆఫీసరుగారు.

"అప్పుడది మామూలు బస్సు సార్" అన్నారు డిపో అధికారి. "మామూలు బస్సు ఈ రూట్లో రద్దయింది."

అందరూ మంత్రిగారి వైపు చూశారు. ఆయన కళ్లు తుడుచుకుని, "అభిమానాన్ని కూల్చలేను" అన్నారు.

రెండు పక్షాలకూ న్యాయం జరిగింది. పై అంతస్తును కోసి, మా స్టాపులో షెల్టరుగా దింపారు. కింది భాగం ఖమ్మం వెళ్లిపోయింది. ఇలా మెత్తటి సీట్లలో కూర్చుని ఎదురుచూసే అదృష్టం జిల్లాలో ఇంకే ఊరికీ లేదంటూ మంత్రిగారు రిబ్బను కత్తిరించారు.

నెల తిరక్కుండా సోమ్లి అందులోనే, కిటికీ పక్క సీటులో ప్రసవించింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఈ రూటులో ప్రయాణికులు పెరిగారని ఆఫీసరుగారు పై అధికారులకు తెలియజేశారు.

పొద్దుటి బస్సు ఇంకా వేయలేదు.