చారల మొహం గుమాస్తా

"మనిషి మనసు అతని మాటల్లో లేదు. చేతల్లో అంతకంటే లేదు. అతని మొహం మీద పడే వెలుతురులో ఉంది!"

ఇంత గొప్ప మాట ఏ మహర్షి నోటినుంచో వచ్చిందనుకునేరు! జనన మరణాల నమోదు కార్యాలయంలో సోమవారం ఉదయం నోటీసు బోర్డుకి అంటించిన సర్క్యులర్‌లో మొదటి ముక్క అది. కింద ఆఫీసరుగారి సంతకం. ఆ కింద "చదివినట్టు అందరూ సంతకాలు చేయవలెను" అని చిన్న అక్షరాల్లో ఉంది. అందరూ చేశారు. చదివింది మాత్రం రికార్డు గుమాస్తా ఒక్కడే. పాపం, ఏ కాగితం కనబడినా చివరిదాకా చదివే దురలవాటు అతనిది.

సంగతేమిటంటే, ఆఫీసులో టేబుల్ ఫ్యాను పోయింది. నీలం రంగుది, మూడు రెక్కలది. రికార్డు గది గుమ్మం పక్కన స్టూలు మీద ఉండేది. తనిఖీకి వచ్చినవాళ్లు జాబితా చూసి, ఖాళీ స్టూలు చూసి, పైకి రాసేశారు. పది రోజుల్లో దొంగని తేల్చమని పై అధికారి ఉత్తరువు పంపారు.

మామూలు ఆఫీసరైతే పోలీసులకి చెప్పి ఊరుకునేవాడు. మన ఆఫీసరుగారు ఉత్తమ చిత్రాల సంఘానికి అధ్యక్షుడాయె! థ్రిల్లర్ సినిమాల్లో వెలుగునీడలు పాత్రల మనస్తత్వాన్ని ఎలా బయటపెడతాయో మూడు రోజులు శిక్షణ పొంది, ఆ సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి కుర్చీ వెనక తగిలించుకున్నవాడు. శిక్షణ ఇచ్చింది ఆయన సొంత బావమరిదే, అది వేరే సంగతి.

ఆ బావమరిదే నల్లకళ్లజోడుతో వచ్చి, సిబ్బందిని కూర్చోబెట్టి, గోడ మీద సినిమా ముక్కలు చూపించాడు.

"ఈ పాత్ర ఇంకా నోరు విప్పలేదు. అయినా ఇతనే హంతకుడని మీకు తెలిసిపోయింది. ఎలా?"

"చివరి రీలు ముందే వేశారా అండీ?" అంది టైపిస్టు.

"కిటికీ తెర పట్టీల నీడలమ్మా! మొహమంతా చారలు! అంటే మనసులో జైలు! కెమెరా పైనుంచి చూస్తే పిరికివాడు. కిందనుంచి చూస్తే మొనగాడు. ఫ్రేము వంకరగా ఉంటే బుద్ధి వంకర. అద్దంలో కనబడితే రెండు నాల్కల మనిషి!"

అందరూ ఆహా అన్నారు. అర్థం కానివాళ్లు ఇంకాస్త గట్టిగా అన్నారు.

"మన ఆఫీసులో కెమెరాలున్నాయి," అన్నారు ఆఫీసరుగారు లేచి. "ఫ్యాను ఎవరి చేతిలో ఉందా అని వెతకడం పామరుల పద్ధతి. ఎవరి మొహం మీద ఏ నీడ పడిందో మనం చూద్దాం!"

రికార్డు గుమాస్తా చటుక్కున తన కుర్చీకేసి చూశాడు. పంతొమ్మిదేళ్లుగా అతని కుర్చీ పడమటి కిటికీ దగ్గరే. ఆ కిటికీకి పట్టీల తెర. సాయంత్రం నాలుగయ్యేసరికి మొహమంతా చారలే చారలు! నెత్తిమీద టప్‌టప్‌మని కొట్టుకునే ట్యూబులైటు, ఎదురుగోడ మీద ఎత్తున కెమెరా. వీటికి తోడు అతని ప్రమోషన్ ఫైలు ఈ నెలలోనే పైకి వెళ్లింది. పెద్ద గుమాస్తా అయ్యే యోగం పంతొమ్మిదేళ్లకి గుమ్మందాకా వస్తే, ఈ చారలొచ్చి అడ్డంపడ్డాయి.

మర్నాటినుంచి ఆఫీసు ఆఫీసులా లేదు. టైపిస్టు ఇంటినుంచి రెండు దీపాలు తెచ్చి చెరో చెంపకీ పెట్టుకుంది. టపా గుమాస్తా బీరువా ఎక్కి కూర్చుని అక్కడే కవర్లు అంటించాడు. కెమెరా తనని కిందనుంచి చూడాలట! మెట్ల దగ్గర కెమెరాకి మర వదులై బొమ్మ పక్కకి ఒరిగేది కాబట్టి, అందరూ రెండోవైపుకి ఒరిగి మెట్లెక్కడం మొదలెట్టారు. బిడ్డ పుట్టిందని రాయించుకోవడానికి వచ్చిన ఆయన్ని "అలా నీడలోకి జరగండి బాబూ, మా వెలుతురుకి అడ్డం" అని గదమాయించారు.

గుమాస్తా ఇంటికెళ్లి భార్య ముందు కూలబడ్డాడు.

"ఏమండీ, ఫ్యాను మీరు తియ్యలేదు కదా?"

"తియ్యలేదే."

"మరి భయమెందుకు?"

"చారలే! మొహం మీద చారలు పడ్డాయే!"

ఆవిడ ఆలోచించి పౌడరు డబ్బా చేతికిచ్చింది. మర్నాడు దట్టంగా పూసుకుని వెళ్లాడు. "ముసుగు ధరించాడు" అని విచారణ పుస్తకంలో రాసుకున్నారు.

పదోరోజున పై అధికారి స్వయంగా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. సినిమా అంటే ఆయనకి ప్రాణం. దీపాలార్పారు. గోడ మీద రికార్డు గుమాస్తా ప్రత్యక్షమయ్యాడు. చారల మొహంతో, స్టూలు మీదున్న ఫ్యానుకేసి కళ్లార్పకుండా చూస్తున్నాడు.

"ఆ చూపు చూడండి! ఎంత కోరిక!" అన్నాడు బావమరిది.

"గాలి ఇటు తిరగట్లేదని చూశానండీ. చెమటలు పట్టి..."

"చెమటలు! తనే ఒప్పుకున్నాడు! పైన లైటు చూడండి, వెలుగుతోంది, ఆరుతోంది. తియ్యనా, వద్దా? తియ్యనా, వద్దా?"

"ఆ ట్యూబు మార్చమని నాలుగుసార్లు అర్జీ పెట్టానండీ!"

"నాలుగుసార్లు! అంతరాత్మ ఎంత ఘోషించిందో!"

"ఇక చాలు, ఆపెయ్యండి," అన్నారు ఆఫీసరుగారు, కాస్త తొందరగానే.

"ఉండవయ్యా!" అన్నారు పై అధికారి. "ఇప్పుడేగా కథ రసపట్టులో పడింది. తరవాతేమవుతుందో చూడనీ!"

బొమ్మ నడిచింది. అయిదున్నర. అందరూ వెళ్లిపోయారు. స్టూలు మీద ఫ్యాను ఒంటరిగా ఉంది. వాకిలి తలుపు తెరుచుకుని ఎండ లోపలికి పడింది. ఆ ఎండలోంచి ఆఫీసరుగారు కూనిరాగం తీస్తూ వచ్చారు, అటూ ఇటూ చూశారు, ఫ్యానుని చంకన పెట్టుకున్నారు, వైరు నేల మీద ఈడుస్తూ వచ్చినదారినే వెళ్లిపోయారు.

మొదట తేరుకున్నది బావమరిదే.

"ఆహా! వెనకనుంచి వెలుతురు! తల చుట్టూ కాంతి! మచ్చలేని మనసుకి ఇంతకంటే రుజువేం కావాలి?"

"ఆహా!" అన్నారు అందరూ.

"సార్, చంకలో ఫ్యాను!" అని గావుకేక పెట్టాడు రికార్డు గుమాస్తా. "నీలం ఫ్యాను సార్! మన ఫ్యానే! వైరు కూడా కనబడుతోంది సార్!"

ఆఫీసరుగారు జాలిగా నవ్వారు. "ఇతనింకా కథే చూస్తున్నాడు సార్. శైలి చూడటం రాలేదు. అది ఫ్యాను కాదు, ప్రతీక."

"దేనికి ప్రతీక?" అన్నారు పై అధికారి.

"కార్యాలయం బరువంతా ఒక్క చంకలో మోసే నాయకుడికి!" అన్నాడు బావమరిది. టైపిస్టు ఆ మాట టకటకా టైపు కొట్టేసింది.

పై అధికారి చెమట తుడుచుకుని, గుమాస్తాని మూలకి పిలిచి భుజం మీద చెయ్యేశారు.

"చూడవయ్యా. అది ఫ్యానైతే దొంగతనం. దొంగతనమైతే కేసు, వాయిదాలు. అన్నాళ్లూ ఈ ఆఫీసు ఫైళ్లన్నీ ఆగిపోతాయి, నీది కూడా. ప్రతీకైతే నీ ఫైలు నా సంచిలోనే ఉంది, ఇప్పుడే సంతకం పెట్టేస్తాను. విచారణ పుస్తకంలోంచి నీ చారలు కూడా కొట్టేయిస్తాను. ఇంకోసారి వేయిస్తా, సరిగ్గా చూసి చెప్పు."

మళ్లీ వేశారు. గుమాస్తా చూశాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. లేచి వెళ్లిపోదామనిపించింది. పంతొమ్మిదేళ్లు గుర్తొచ్చాయి, కూర్చుండిపోయాడు.

"ప్రతీకేనండి," అన్నాడు.

అడక్కుండానే ఇంకో మాట కూడా చేర్చాడు. "మూడు రెక్కల ప్రతీకండి. సేవ, త్యాగం, క్రమశిక్షణ."

చప్పట్లు మారుమోగాయి. ఫ్యానుని జాబితాలోంచి కొట్టేశారు. బావమరిది కళ్లజోడు తీసి, కొత్త పెద్ద గుమాస్తాని కౌగిలించుకున్నాడు.

సాయంత్రం ఆర్డరు కాగితం చూసి భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండుసార్లు చదివించుకుంది. తరవాత మడతపెడుతూ అడిగింది.

"ఇంతకీ ఆ ఫ్యాను ఎవరు తీశారండీ?"

గుమాస్తా కుర్చీ లాక్కుని సరిగ్గా బల్బు కింద కూర్చున్నాడు. గడ్డం పైకెత్తాడు. మొహం మీద ఒక్క చార లేదు, ఒక్క నీడ లేదు, నిండా వెలుతురే!

"ఎవరూ తియ్యలేదే," అన్నాడు.

ఆవిడ అతని మొహంలోకి ఒక్కసారి చూసింది.

"మీ ఆఫీసరే తీశాడన్నమాట," అంది. "మీరు చూశారన్నమాట."